పేరు పక్కన ఉన్న ఆ అంకెను తీసేయండి: చర్చావేదికల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆన్‌లైన్ చర్చావేదికలను నడుపుతున్న నిర్వాహకులకు, వాటిని రూపొందిస్తున్న సాంకేతిక బృందాలకు,

నమస్కారం.

నేను పన్నెండేళ్లుగా రకరకాల చర్చావేదికల్లో సభ్యుడిగా ఉన్నాను. అందులో ఆరేళ్లపాటు ఒక సాంకేతిక వేదికకు జీతం లేని మోడరేటరుగా, అంటే పోస్టులను పర్యవేక్షించేవాడిగా, పనిచేశాను. మిమ్మల్ని అడగదలచినవి రెండు. సభ్యుల పోస్టులకు పడ్డ ఓట్లతో పోగై, వారి పేరు పక్కన మీరు చూపిస్తున్న మొత్తం పాయింట్ల అంకెను తీసేయండి. పోస్టు కింద పడ్డ ఓట్ల లెక్కను, చదివేవారు తమకంటూ ఒక అభిప్రాయం ఏర్పరచుకునేదాకా బయటపెట్టకండి. ఓట్లే వద్దని నేను అనడం లేదు. ఒకే ప్రశ్నకు వందల సమాధానాలు వచ్చిపడే చోట ఏది ముందు చదవాలో తేల్చడానికి ఏదో ఒక కొలత ఉండి తీరాలి. అయితే కొలవడం ఒక పని, కొలిచిన అంకెను అందరి కళ్లముందు వేలాడదీయడం ఇంకొక పని. మొదటిది చేస్తున్నాం కనుక రెండోదీ చేయాల్సిందేనన్నట్టుగా ఈ వేదికలు తయారయ్యాయి. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

నేను మోడరేటరుగా ఉన్న చోట ఒక రాత్రి ఒక సభ్యుడు తన హార్డ్ డిస్కు టకటకమని శబ్దం చేస్తోందనీ, అందులోని ఫైళ్లను ఎలా దక్కించుకోవాలనీ అడిగాడు. నాలుగు నిమిషాల్లో మొదటి సమాధానం వచ్చింది. డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజరులో పెట్టి, పొద్దున్నే తీసి గబగబా కాపీ చేసుకోమన్నారు. రాసినవారి పేరు పక్కన ఐదంకెల పాయింట్లు మెరుస్తున్నాయి, పైగా మాట చమత్కారంగా ఉంది. గంట తిరిగేసరికి అరవైకి పైగా ఓట్లు పడ్డాయి. మరో గంటకు, అంతకు వారం ముందే చేరిన ఒక సభ్యురాలు పొడవైన సమాధానం రాశారు. ముందు ఆ డిస్కుకు కరెంటు తీసేయాలనీ, ఫ్రీజరులోంచి తీసిన డిస్కు లోపల తేమ పట్టి ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉందనీ ఆమె హెచ్చరించారు. ఫైళ్లను ఒక్కొక్కటిగా లాగే బదులు డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాముతో డిస్కు మొత్తానికి నకలు తీయాలనీ, అది సులువుగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని మొరాయించే భాగాల జోలికి చివర్లో వెళ్తుందనీ, ఫైళ్లు నిజంగా విలువైనవైతే ఆ పని కూడా చేయకుండా నిపుణులకు అప్పగించాలనీ వివరించారు. దాని కింద పడిన మొదటి ఓటు మైనస్ ఒకటి. రెండోదీ అంతే. మరుసటి రోజు నేను చూసేసరికి ఆ సమాధానాన్ని ఆమే తొలగించుకున్నారు. తొలగించిన పోస్టులు మోడరేటర్లకు లేత ఎరుపు రంగులో కనిపిస్తాయి కనుక మాత్రమే నేను దాన్ని చదవగలిగాను. ఆమె ఆ తరువాత అక్కడ ఒక్క మాట కూడా రాయలేదు.

ఆ అరవై మందినీ నేను తప్పుపట్టను. వారిలో చాలామంది అంతకు ముందు ఎన్నో మంచి సమాధానాలను గుర్తించినవారే. తీరిక లేనప్పుడు, విషయం తమకు అంతగా తెలియనప్పుడు, అప్పటికే నలభై మంది మెచ్చుకున్నదాన్ని మెచ్చుకోవడం మనిషికి సహజం. నలుగురితో నారాయణ అనడానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. ఆ నలుగురి లెక్కను, అదీ సమాధానం చదవకముందే, వారి కళ్లలో పడేలా పెట్టింది మాత్రం మనం. నేనూ అప్పుడు మీ జట్టులోనివాడినే కనుక మనం అంటున్నాను.

ఇది నా ఒక్కడి అనుభవం మీద కట్టిన వాదన కూడా కాదు. లెవ్ మచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. ఓట్లు వేసే వీలున్న ఒక వార్తా వేదికలో అయిదు నెలలపాటు 1,01,281 వ్యాఖ్యలను తీసుకుని, అవి పుట్టగానే ఏ కారణమూ లేకుండా కొన్నింటికి ఒక అనుకూల ఓటు, మరికొన్నింటికి ఒక ప్రతికూల ఓటు వేసి, మిగిలినవాటిని అలాగే వదిలేశారు. అనుకూల ఓటు పడ్డ వ్యాఖ్యను మొదట చూసినవారు దానికి తామూ అనుకూలంగా ఓటేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యలకు వచ్చిన స్కోరు సగటున 25 శాతం ఎక్కువ. ప్రతికూల ఓటు విషయంలో మాత్రం జనమే పూనుకుని చాలావరకు సరిదిద్దారు. అంటే అన్యాయంగా కిందికి తోస్తే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపుతారు, అన్యాయంగా పైకి ఎత్తితే దించే నాథుడు ఉండడు. నేను చూసిన సంఘటనలో ఆ లేపే చెయ్యి కూడా సమయానికి రాలేదు, ఎందుకంటే రాసిన మనిషి ఆ అంకెను చూసి ముందే వెళ్లిపోయారు. లక్ష వ్యాఖ్యల సగటులో ఇలాంటి నిష్క్రమణ కనిపించదు.

అంతకు ఏడేళ్ల ముందు, 2006లో, మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ప్రచురించిన ప్రయోగం వేదికల రూపకర్తలకు ఇంకా దగ్గరిది. వారు 14,341 మందికి ఎవరికీ తెలియని 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేరువేరు లోకాలుగా విడదీసి, ఆ లోకంలో తమకు ముందువారు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో (డౌన్‌లోడ్ చేసుకున్నారో) కూడా చూపించారు. లెక్క కనిపించిన చోట హిట్టయిన పాటలు మరీ పెద్ద హిట్లయ్యాయి, కాని ఏది హిట్టవుతుందో ఒక లోకానికీ ఇంకో లోకానికీ పొంతన లేకుండా పోయింది. చాలా మంచి పాట బొత్తిగా మునిగిపోవడం, చాలా నాసిరకం పాట పైకి తేలడం అరుదే అయినా, మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం గాలివాటమైంది. ఇందులో ఒక వివరాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. మొదటి విడతలో పాటలను వరుసక్రమంతో పనిలేకుండా గళ్లలో పరిచారు. రెండో విడతలో అవే పాటలను ఎక్కువ దించుకున్నది పైన ఉండేలా ఒకే నిలువు వరుసలో పేర్చారు. ఆ ఒక్క మార్పుతో అసమానతా పెరిగింది, అనిశ్చితీ పెరిగింది. పాటలు అవే, లెక్కించే పద్ధతీ అదే, మారినదల్లా తెర మీద అమరిక.

అసలు ఆ ఓటు దేన్ని కొలుస్తోందో ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఒకరు ఆ మాటతో ఏకీభవించి నొక్కుతారు. ఇంకొకరు ఏకీభవించకపోయినా చక్కగా వాదించారని నొక్కుతారు. ఒకరికి నవ్వు వచ్చింది, ఒకరు కృతజ్ఞతగా నొక్కారు, ఒకరు తరువాత చదువుదామని గుర్తు పెట్టుకున్నారు, ఒకరికి వేలు జారింది. పోస్టు ఏ వేళకు వచ్చింది, పైన ఎంతసేపు నిలిచింది, ఎంతమంది కంట పడింది అన్నవి కూడా అందులోనే కలిసిపోయాయి. ఇన్నింటినీ ఒక కుండలో పోసి కలియబెట్టి, వచ్చినదానికి నాణ్యత అని పేరు పెట్టి ఆ మనిషి పేరు పక్కన అంటిస్తున్నాం. నేను మూడు గంటలు కూర్చుని, రెండు యంత్రాల మీద పరీక్షించి రాసిన సమాధానానికి ఏడు ఓట్లు వచ్చాయి. నిద్రమత్తులో వేసిన ఒక జోకుకు నాలుగు వందలు దాటాయి. నా పేరు పక్కన అంకెలో ఇప్పటికీ ఆ జోకు వాటాయే ఎక్కువ.

ఈ చిక్కును తొలితరం వేదికలు పసిగట్టకపోలేదు. 1997లో మొదలైన, సాంకేతిక వార్తల మీద చర్చ జరిగే స్లాష్‌డాట్ వ్యాఖ్యలకు మైనస్ 1 నుంచి 5 దాకా మాత్రమే స్కోరు ఇచ్చింది. అయిదు దాటాక అయిదువేల మంది మెచ్చినా ఆ అంకె పెరగదు. ఓటు వేసేవారు ఎందుకు వేస్తున్నారో కూడా చెప్పాలి: లోతైన పరిశీలన ఉన్నందుకా, సమాచారం ఉన్నందుకా, నవ్వించినందుకా, రెచ్చగొట్టినందుకా అని. నవ్వించినందుకు వచ్చిన మార్కులు వ్యాఖ్యను పైకి తెచ్చినా, రాసినవారి ఖాతాలో జమ కావని నియమం పెట్టారు. సభ్యుల మొత్తాన్ని మొదట అంకెగానే చూపించి, జనం దాన్ని వీడియో గేములో స్కోరులా చూస్తున్నారని గ్రహించి, ఆ అంకెను తీసేసి మంచిది, చాలా మంచిది, ఫరవాలేదు వంటి మాటలను మాత్రమే ఉంచారు. పాతికేళ్లనాటి ఆ వేదిక చేసిన ఈ దిద్దుబాటును తరువాత వచ్చినవారు చాలామంది పట్టించుకోలేదు.

ఆ మొత్తానికి అక్కడా, తరువాత వచ్చిన పెద్ద చర్చావేదిక రెడిట్‌లోనూ కర్మ అని పేరు పెట్టారు. చేసిన పని ఎవరూ చూడకపోయినా ఫలం వెంటాడుతుందని చెప్పడానికి మనం వాడే మాట అది. చూసినవాళ్లు వచ్చి నొక్కితేనే పెరిగి, ఎవరూ చూడకపోతే సున్నా దగ్గరే కూర్చునే అంకెకు ఆ పేరు పెట్టినవారి ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే.

మనిషి పేరు పక్కన అంకె చేసే పని, పోస్టు కింద అంకె చేసే పనికంటే పదింతలు చెడ్డదని నా అభిప్రాయం. దీనికి సాక్షిని నేనే. నా పాయింట్లు 9,940 దగ్గర ఉన్న రాత్రి, పదివేలు దాటాకే పడుకోవాలని కూర్చున్నాను. అంతకు ముందు ఎన్నోసార్లు అడిగిన, జవాబులు కూడా ఉన్న ప్రశ్నలను ఏరుకుని, వాటిని పాత ప్రశ్నలకు జతచేసి మూసేయాల్సిన మోడరేటరునై ఉండి, వాటికే హడావుడిగా ఆరు సమాధానాలు రాశాను. ప్రతి రెండు నిమిషాలకూ పేజీని రీఫ్రెష్ చేశాను. తెల్లవారుజామున 10,010 అయింది. ఆ ఆరింటిలో ఒకటి తప్పని మూడు నెలల తరువాత ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి దానికి పద్దెనిమిది అనుకూల ఓట్లున్నాయి. ఆ రాత్రి నా పేరు పక్కన ఆ అంకె లేకపోతే నేను హాయిగా నిద్రపోయేవాడిని, ఆ వేదికలో ఆరు పనికిమాలిన సమాధానాలు తక్కువ ఉండేవి.

ఒక కొలతనే లక్ష్యంగా పెట్టుకుంటే అది కొలతగా పనికిరాకుండా పోతుందని ఆర్థికశాస్త్రంలో గుడ్‌హార్ట్ నియమం పేరుతో ఒక మాట ప్రచారంలో ఉంది. పాత ఫోరాల్లో సభ్యుల పేరు కింద పోస్టుల సంఖ్య చూపించిన రోజుల్లో ధన్యవాదాలు, అవును, నిజమే అన్న ఒంటి మాటల పోస్టులతో పేజీలు ఎలా నిండిపోయేవో మీలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. గిట్‌హబ్ అనే ప్రోగ్రామర్ల వేదిక 2016లో వరుసగా ఎన్ని రోజులు పని నమోదు చేశారో చూపించే లెక్కను తమ సభ్యుల పేజీల నుంచి తీసేసింది. లెక్క తెగిపోకూడదని సెలవు రోజుల్లో కూడా ఏదో ఒకటి నమోదు చేసే అలవాటు చాలామందికి ఆ లెక్క ఉన్నన్నాళ్లూ ఉండేది.

నమ్మకస్తులెవరో తెలియాలి కదా, అనుభవం ఉన్నవారికి కొన్ని అధికారాలు ఇవ్వాలి కదా అని మీరు అడగవచ్చు. ఇవ్వండి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లోలో 15 పాయింట్లు ఉంటే అనుకూల ఓటు, 125 ఉంటే ప్రతికూల ఓటు, 2,000 ఉంటే ఇతరుల పోస్టులను నేరుగా దిద్దే హక్కు వస్తాయి. ఒక్కరోజు ఓట్ల ద్వారా 200 పాయింట్లకు మించి రావు. ఇది ఆలోచించి కట్టిన వ్యవస్థ. అయితే ఒక సభ్యుడికి దిద్దే హక్కు ఉందా లేదా అన్నది తెలియాల్సింది కంప్యూటరుకు, ఆ సభ్యుడికి. అతని సమాధానం చదవబోయే అపరిచితుడికి ఆ లెక్క చూపించడంవల్ల, హార్డ్ డిస్కుల గురించి ఏమీ తెలియకపోయినా వేరే విషయంలో సంపాదించిన ఐదంకెల గౌరవంతో అతను డిస్కును ఫ్రీజరులో పెట్టించగలుగుతున్నాడు.

ప్రతికూల ఓటు గురించి కూడా ఒక మాట. 2014లో జస్టిన్ చెంగ్, క్రిస్టియన్ డానెస్కు-నికులెస్కు-మిజిల్, యూరె లెస్కోవెక్ నాలుగు పెద్ద వెబ్‌సైట్ల వ్యాఖ్యలను పరిశీలించి, ప్రతికూల ఓట్లు పడ్డవారు మెరుగుపడడం లేదని, ఇంకా ఎక్కువగా, ఇంకా నాసిగా రాస్తున్నారని, పైగా ఇతరులకు ప్రతికూల ఓట్లు వేయడం మొదలుపెడుతున్నారని తేల్చారు. వేదికను వదిలి వెళ్లే అవకాశం అందరికంటే ఎక్కువ ఉన్నది ఏ స్పందనా రానివారికి. శిక్షగా ఉద్దేశించిన అంకె మొండివాడిని మరింత మొండిగా మారుస్తోంది, సున్నా మాత్రం మెత్తనివారిని సాగనంపుతోంది. కొత్తగా చేరినవారి పోస్టు కింద పెద్ద సున్నాను చూపించి మనం సాధిస్తున్నది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

దాచడం వల్ల నష్టాలు లేవని నేను బుకాయించను. యూట్యూబ్ 2021 నవంబరులో నచ్చలేదన్న లెక్కను ప్రేక్షకులకు కనిపించకుండా చేసింది. చిన్న చిన్న చానళ్ల మీద కక్షకట్టి గుంపులుగా నొక్కడాన్ని తగ్గించడానికని కారణం చెప్పింది. ఆ ఉద్దేశం మంచిదే. అయితే ఏదైనా మరమ్మతు ఎలా చేయాలో చూపించే వీడియో పెట్టగానే, అది పనిచేయదని వేలమంది చెప్పిన సంగతి ఒక్క చూపులో తెలిసే వీలు కూడా దాంతో పోయింది. చర్చకు రాకుండా, వెతుకులాటలో దారితప్పి ఒక పాత సమాధానం దగ్గరికి వచ్చినవారికి దాని కింద ఉన్న ఓట్ల లెక్క నిజంగానే సాయం చేస్తుంది. అందుకే నేను శాశ్వతంగా దాచమనడం లేదు. చర్చ వేడిగా ఉన్నంతకాలం దాచండి, చల్లారాక చూపించండి. ఓటు వేసినవారికి వేసిన వెంటనే చూపించండి; వారి తీర్పు అప్పటికే అయిపోయింది కనుక ఆ అంకె వారిని ఇక లాగలేదు.

ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. హ్యాకర్ న్యూస్ అనే సాంకేతిక వార్తల వేదిక 2011 నుంచి వ్యాఖ్యల పాయింట్లను రాసినవారికి తప్ప ఇతరులకు చూపించడం లేదు. వ్యాఖ్యల వరుసక్రమాన్ని మాత్రం ఆ పాయింట్లను లెక్కలోకి తీసుకునే నిర్ణయిస్తోంది. కొలత లోపల ఉండి తన పని తాను చేసుకుపోతుంది. రెడిట్ 2013లో, కొత్త వ్యాఖ్యల స్కోరును కొంతసేపు దాచే వీలును ఒక్కో సముదాయం మోడరేటర్లకు ఇచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2019లో కొన్ని దేశాల్లో లైకుల లెక్కను దాచి చూసి, 2021లో ఆ నిర్ణయాన్ని సభ్యులకే వదిలేసింది. ఇది నాకు అరకొర పనిగా అనిపిస్తుంది. పక్కవారందరూ అంకెలు తగిలించుకుని తిరుగుతున్నప్పుడు ఒక్కడు తీసేసుకుంటే దాన్ని వినయం అనుకోరు, చూపించుకోవడానికి ఏమీ లేదనుకుంటారు.

వరుసక్రమం విషయంలో మాత్రం అంకెలను సరిగ్గా వాడమని కోరుతున్నాను. అనుకూల ఓట్లలోంచి ప్రతికూల ఓట్లను తీసేసి పేర్చితే ముందు వచ్చినదే ఎప్పటికీ ముందుంటుంది. శాతాన్ని బట్టి పేర్చితే ఒకే ఒక్క ఓటు పడి నూటికి నూరు శాతం తెచ్చుకున్న పోస్టు, వంద ఓట్లలో తొంభై అనుకూలంగా వచ్చినదాని నెత్తిన కూర్చుంటుంది. 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన గణాంక సూత్రం ఈ రెండు తప్పులనూ సవరిస్తుంది. ఇప్పటిదాకా పడ్డ ఓట్లను బట్టి, అసలు ఆదరణ కనీసం ఎంత ఉండవచ్చో అది అంచనా వేస్తుంది. 95 శాతం విశ్వాసంతో లెక్కిస్తే ఆ ఒంటి ఓటు పోస్టుకు వచ్చే విలువ సుమారు 21 శాతం, వందలో తొంభై వచ్చినదానికి సుమారు 83 శాతం. రెడిట్ 2009 నుంచి వ్యాఖ్యలకు ఈ పద్ధతినే వాడుకుంది. ఆలస్యంగా వచ్చిన మంచి సమాధానం కూడా కొద్దిపాటి ఓట్లతోనే పైకి రాగలగడం దీనిలోని గుణం. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని తేలే అవకాశమైనా వాటికి దక్కుతుంది. కాలం చెల్లిన సమాధానాల సంగతీ చూడండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2021లో, ప్రశ్న అడిగినవారు ఆమోదించిన సమాధానాన్ని అందరికంటే పైన బిగించి ఉంచే పద్ధతిని మానేసింది. 2022లో ఇటీవలి ఓట్లకు ఎక్కువ విలువ ఇచ్చే వరుసక్రమాన్ని తెచ్చింది. పదేళ్ల క్రితం పడ్డ ఓటు, పదేళ్ల క్రితం నిజమైన మాటకు పడిన ఓటు.

మీరు వాడే సూత్రం ఏదైనా దాన్ని బయటపెట్టండి. అంకె కనిపించకుండా, పేర్చే పద్ధతీ తెలియకుండా ఉంటే సభ్యులకు మీ మీద అనుమానం వస్తుంది, అది న్యాయమైన అనుమానమే.

మీలో కొందరు పైకి చెప్పని కారణం ఒకటుందని నాకు తెలుసు. నిర్వాహకుల సమావేశాల్లో నేను దాన్ని విన్నాను. అంకె పెరిగిందా అని చూసుకోవడానికే జనం రోజుకు పదిసార్లు వస్తారు, అది తీసేస్తే రాకపోకలు తగ్గుతాయి. తగ్గవచ్చు. కొన్ని వారాలపాటు తప్పకుండా తగ్గుతాయనే నేను అనుకుంటున్నాను. కాని అంకెను చూసుకోవడానికి వచ్చి, చూసుకుని, ఏమీ చదవకుండా వెళ్లిపోయే రాకను మీ నివేదికల్లో చర్చగా లెక్కవేయడం కూడా, నా జోకుకు పడ్డ నాలుగు వందల ఓట్లను నా విజ్ఞానంగా లెక్కవేయడం లాంటిదే.

మూడు నెలలపాటు ఒక్క విభాగంలో ఈ మార్పు చేసి చూడండి. పేరు పక్కన అంకె ఉండదు. పోస్టు కింది లెక్క మొదటి 24 గంటలు రాసినవారికి, ఓటు వేసినవారికి తప్ప కనిపించదు. వరుసక్రమం విల్సన్ పద్ధతిలో లోపలే నడుస్తుంది. ఆ మూడు నెలల్లో కొత్తగా చేరినవారిలో ఎంతమంది రెండో సమాధానం రాశారో, తాము రాసినదాన్ని తామే తొలగించుకున్నవారు ఎంతమందో, తరువాత తప్పని తేలిన సమాధానాల్లో ఎన్ని మొదటి స్థానంలో నిలిచాయో లెక్కించి, ఆ లెక్కలు నాకు అనుకూలంగా వచ్చినా రాకపోయినా అందరికీ చూపించండి. నా పాయింట్లను మాత్రం ఈ లేఖ ప్రచురించిన రోజే సున్నా చేయమని నేను సభ్యుడిగా ఉన్న వేదికను కోరాను. అలాంటి సదుపాయం లేదని జవాబు వచ్చింది.

ఇట్లు,
ఒక మాజీ మోడరేటరు